వెన్ను నొక్కి చూసే వేళ్ల మాటకు ఎన్ని మార్కులు?

నడుం నొప్పితో ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళితే బోర్లా పడుకోబెడతారు. అరచేతి అంచుతోనో, రెండు బొటనవేళ్లతోనో వెన్నుపూసలను ఒక్కొక్కటిగా కిందికి నొక్కి చూస్తారు. ‘ఇక్కడ బిగుసుకుపోయింది’, ‘ఈ పూస కదలడం లేదు’ అని చెబుతారు. 1994లో ఆస్ట్రేలియా పరిశోధకులు క్రిస్ మాహెర్, రోజర్ ఆడమ్స్ ఈ మాటకే పరీక్ష పెట్టారు. మాన్యువల్ థెరపీ చేసే ఆరుగురిని, నడుం నొప్పి ఉన్న 90 మందిని తీసుకున్నారు. ఒకే మనిషి నడుమును ఇద్దరు విడివిడిగా నొక్కి రెండు సంగతులకు అంకెలు వేయాలి. పూస ఎంత బిగువుగా ఉంది? నొక్కినప్పుడు రోగికి ఎంత నొప్పి వచ్చింది? ఇద్దరి అంకెలూ పూర్తిగా కలిస్తే 1, పొంతనే లేకపోతే 0 వచ్చే కొలతతో ఫలితం చూశారు. నొప్పికి వచ్చింది 0.67 నుంచి 0.73. బిగువుకు వచ్చింది 0.03 నుంచి 0.37.

చేతులు అవే, నడుమూ అదే, నొక్కుడూ అదే. నొప్పి అంకె రోగి నోటి నుంచి వచ్చింది, బిగువు అంకె చికిత్స చేసేవారి వేళ్ల నుంచి. ఏళ్ల తరబడి శిక్షణ పొందింది వేళ్లు. మార్కులు మాత్రం రోగి నోటికే ఎక్కువ పడ్డాయి.

ఈ నొక్కుడు పరీక్ష ఎవరో మారుమూల వైద్యుడిది కాదు. అడిలైడ్‌కు చెందిన జెఫ్రీ మైట్‌లాండ్ 1964లో వెన్నుపూసల చికిత్స మీద వెలువరించిన పుస్తకంతో ప్రపంచమంతా పాకిన పద్ధతి ఇది. మన ఫిజియోథెరపీ డిగ్రీ (బీపీటీ) విద్యార్థులు కూడా నొక్కుడు స్థాయిలను చెప్పే మైట్‌లాండ్ గ్రేడ్లు ఒకటి నుంచి నాలుగు దాకా నేర్చుకునే బయటికి వస్తారు. ఏ పూస మీద, ఏ గ్రేడుతో చికిత్స చేయాలో తేల్చేది ఈ వేళ్లే. కాబట్టి 0.03 అంటే అసలు ఏమిటో నిదానంగా చూడాలి.

ఐసీసీ అనే ఈ కొలత అడిగే ప్రశ్న ఒకటే: నమోదైన అంకెల్లో కనిపించే హెచ్చుతగ్గుల్లో రోగికీ రోగికీ మధ్య నిజంగా ఉన్న తేడా వాటా ఎంత? మిగతాదంతా కొలిచినవాళ్ల తేడా, కొలతలో దొర్లిన గందరగోళం. 0.70 అంటే నూరు పాళ్లలో 70 పాళ్లు రోగులవి. 0.03 అంటే 3 పాళ్లే. మిగిలిన 97 పాళ్లకూ ఆ నడుముతో సంబంధం లేదు.

ఈ అంకె సున్నా కంటే కిందికి కూడా దిగుతుంది. అదే 1994లో మరో అధ్యయనం వచ్చింది. పుర్రె మీద చేతులు ఆనించి, మెదడు చుట్టూ ఉండే ద్రవం లయను పసిగడతామనే క్రేనియోసాక్రల్ థెరపీ మీద చేసినది. ముగ్గురు ఫిజియోలు, 12 మంది. నిమిషానికి ఎన్నిసార్లు ఆ లయ కొట్టుకుంటోందో ముగ్గురూ లెక్కపెట్టారు. ముగ్గురి లెక్కల మధ్య పొంతన −0.02. ఎవరి చేతికి ఏ లయ తగిలిందో గానీ, అది ఆ తల లోపలిది అనడానికి మాత్రం ఆధారం దొరకలేదు.

ఇక్కడ ఒక సందేహం రావాలి. ‘మేమిద్దరం 84 శాతం కేసుల్లో ఒకే మాట చెప్పాం’ అని క్లినిక్కులు, కోర్సుల ప్రకటనలు చెబుతుంటాయి కదా, అది అబద్ధమా? అబద్ధం కాకపోవచ్చు. అయినా అందులో సరుకు లేకపోవచ్చు. ఎలాగో ఊహాలెక్క వేసి చూద్దాం.

ఇద్దరు ఫిజియోలు ఒకే 100 మందిని విడివిడిగా చూశారనుకోండి. మొదటివారు 10 మందిలో పూస బిగుసుకుందన్నారు. రెండోవారూ 10 మందిలోనే అన్నారు. ఇద్దరూ కలిసి ఒకే మనిషిలో ‘బిగుసుకుంది’ అన్నది 2 కేసుల్లో. ఇద్దరూ ‘బాగుంది’ అన్నది 82 కేసుల్లో. 82కి 2 కలిపితే 84. నూటికి 84 కలిసింది, ఎవరికైనా ముచ్చటగానే ఉంటుంది.

ఇప్పుడు ఇద్దరూ రోగిని ముట్టుకోకుండా, కళ్లు మూసుకుని, నూటికి పది చొప్పున చీటీలు వేసి చెప్పారనుకుందాం. ఇద్దరి చీటీల్లోనూ ‘బిగుసుకుంది’ అని ఒకే మనిషికి పడే అవకాశం పదో వంతులో పదో వంతు, అంటే 1. ఇద్దరి చీటీల్లోనూ ‘బాగుంది’ అని పడేది 90 శాతంలో 90 శాతం, అంటే 81. మొత్తం 82. ముట్టుకోకుండానే 82 వస్తుంటే, చేతులు పెట్టి నొక్కి, ఫీజు తీసుకుని సాధించింది 84. అదనంగా వచ్చిన 2ను, రావడానికి వీలున్న 18తో భాగిస్తే 0.11. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జాకబ్ కోహెన్ 1960లో ప్రతిపాదించిన కప్పా ఇదే. కాకతాళీయంగా కలిసే వాటాను తీసేసి, మిగిలిన పొంతనను చెబుతుంది. అనంతపురంలో కూర్చుని రోజూ ‘ఇవాళ వాన పడదు’ అని చెప్పే మనిషి మాట ఏడాదిలో అత్యధిక రోజులు నిజమే అవుతుంది. అతడికి వాతావరణం తెలుసని దాని అర్థం కాదు.

అదే 84 శాతం మరో సందర్భంలో బంగారం కావచ్చు. ఇద్దరూ చెరి 50 మందిలో ‘బిగుసుకుంది’ అన్నారనుకోండి. చీటీలతో కలిసేది 50 మాత్రమే. అదనం 34, వీలున్నది 50. కప్పా 0.68. శాతం ఒక్కటే, విలువలో ఆరింతల తేడా. అందుకే శాతం మాత్రమే చెప్పి కప్పా చెప్పని అధ్యయనాన్ని నేను లెక్కలోకి తీసుకోను.

కప్పాకు తరగతులు కట్టింది లాండిస్, కోచ్. 1977లో వాళ్లిద్దరూ 0.20 దాకా స్వల్పమని, 0.40 దాకా ఫర్వాలేదని, 0.60 దాకా మధ్యస్థమని, 0.80 దాకా గట్టిదని, ఆపైన దాదాపు సంపూర్ణమని పేర్లు పెట్టారు. ఈ గీతలు తమ ఇష్టప్రకారం గీసినవేనని వాళ్లే అదే వ్యాసంలో ఒప్పుకున్నారు. తర్వాత వచ్చినవాళ్లు ఆ ఒప్పుకోలును వదిలేసి గీతల్ని మాత్రం శాసనాల్లా పట్టుకున్నారు.

న్యాయంగా రెండో పక్షం వాదన కూడా చెప్పాలి. రోగులంతా ఒకేలా ఉంటే, అంటే దాదాపు అందరికీ ఆ లక్షణం ఉన్నా, దాదాపు ఎవరికీ లేకపోయినా, పరీక్ష చేసేవాళ్లు నేర్పరులైనా కప్పా పడిపోతుంది. 1990లో ఫైన్‌స్టీన్, చికెట్టి ఈ తిరకాసును విడమరచి చెప్పారు. ఆరోగ్యంగా ఉన్న విద్యార్థుల వెన్నులు తడిమించి ‘ఈ పరీక్ష పనికిరాదు’ అని తేల్చే అధ్యయనాలను ఈ కారణంగానే కాస్త ఆచితూచి చదవాలి. కానీ మాహెర్, ఆడమ్స్ చూసినవాళ్లు నిజంగా నడుం నొప్పితో వచ్చినవాళ్లు. పైగా అదే 90 మందిలో నొప్పి అంకెలు చక్కగా కలిశాయి. బిగువు అంకెలు కలవకపోవడానికి రోగులంతా ఒకేలా ఉండడమే కారణమన్న సాకు ఇక్కడ అంత తేలిగ్గా చెల్లదు.

వేళ్లకే చేతకాదా అంటే అదీ కాదు. యంత్రానికి అమర్చిన స్ప్రింగులను నొక్కి ఏది గట్టిదో చెప్పమంటే మనిషి చెయ్యి బాగానే చెబుతుంది. మనిషి నడుం స్ప్రింగు కాదు. ఎంత బలంగా నొక్కారు, ఎంత వేగంగా, ఏ కోణంలో, కింద పరుపు మెత్తదా గట్టిదా, ఆ క్షణాన రోగి ఊపిరి పీలుస్తున్నాడా వదులుతున్నాడా, భయంతో కండరాలు బిగించాడా — ఇవన్నీ చేతికి తగిలే బిగువును మార్చేస్తాయి. మొదటివారు పదిసార్లు నొక్కి వదిలాక రెండోవారికి అందేది కాస్త వదులైన నడుమే కావచ్చు కూడా. ఇంకో చిక్కు ఉంది. ఒకరి ‘ఆరు’ ఇంకొకరికి ‘మూడు’ కావచ్చు, ఎందుకంటే ఎవరి తలలో ఉన్న కొలబద్ద వారిది. 1998లో మాహెర్, లాటిమర్, ఆడమ్స్ దీనికొక ఉపాయం చూశారు. బిగువు ముందే తెలిసిన నమూనాలను పక్కన పెట్టి, వాటిని నొక్కి, నడుమును నొక్కి, పోల్చి చెప్పమన్నారు. పొంతన బాగా మెరుగుపడింది. క్లినిక్కుల్లో అలాంటి నమూనాలు పెట్టుకున్నవాళ్లను మాత్రం వెతుక్కోవాల్సిందే.

బిగువు సంగతి అటుంచి, వేలు ఏ పూస మీద ఉందో అన్నా సరిగ్గా తెలుస్తుందా? దీనికి మంచి లెక్క మత్తు డాక్టర్ల దగ్గర దొరికింది. వెన్నులోకి సూది గుచ్చాలంటే ఏ రెండు పూసల మధ్య ఉన్నామో వాళ్లకు తెలియాలి. 2000లో వచ్చిన బ్రాడ్‌బెంట్ బృందం అధ్యయనంలో ఎంఆర్‌ఐ కోసం వచ్చిన 100 మంది నడుములను తడిమి గుర్తులు పెట్టి, స్కానుతో సరిచూశారు. సరిగ్గా చెప్పింది 29 శాతం. 51 శాతం సార్లు అసలు చోటు అనుకున్నదానికంటే ఒక మెట్టు పైన ఉంది. నాలుగు మెట్ల దాకా తేడా వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. ‘ఎల్4 (నడుములో నాలుగో పూస) బిగుసుకుంది’ అనే మాటలో రెండో భాగం కంటే ముందు ‘ఎల్4’ అన్న భాగాన్నే అనుమానించాలన్నమాట.

అన్నిటికంటే కథ రసకందాయంలో పడింది మాత్రం ఎస్ఐ జాయింటు దగ్గర. వెన్నెముక అడుగున ఉండే త్రికాస్థికీ, తుంటి ఎముకకూ మధ్య ఉండే కీలు అది. నడుం కింద రెండు పక్కలా గుంటలు పడతాయి కదా, దాదాపు అక్కడ. ‘ఒక పక్క తుంటి పైకి జరిగింది, సరిచేస్తాను’ అని చెప్పేది దీని గురించే. రోగిని నిలబెట్టి, ఆ గుంటల దగ్గరి ఎముక మొనల మీద బొటనవేళ్లు ఆనించి, ఒక మోకాలు పైకెత్తమంటారు. ఏ వేలు కిందికి దిగలేదో ఆ పక్క కీలు పట్టేసిందని తీర్పు.

ఈ కీలు ఎంత కదులుతుంది? స్వీడన్‌కు చెందిన స్టూరెసన్ బృందం 1989లో 25 మంది రోగుల ఎముకల్లోకి చిన్నచిన్న లోహపు పూసలు ఎక్కించి, రెండు కోణాల నుంచి ఎక్స్‌రేలు తీసి కొలిచింది. సగటున తిరిగింది 2.5 డిగ్రీలు. జరిగింది 0.7 మిల్లీమీటరు, అత్యధికంగా 1.6. నొప్పి ఉన్న కీలుకూ లేని కీలుకూ కదలికలో తేడా లేదు. మిల్లీమీటరులో ముప్పాతిక వంతు కదలికను చర్మం, కొవ్వు, కండరం పొరల పైనుంచి బొటనవేలు పట్టుకోవాలి. 2000లో అదే పద్ధతితో, ఈ మోకాలు ఎత్తే పరీక్ష జరుగుతుండగానే కొలిచారు. ఆ కదలికలు బయటినుంచి చేత్తో పసిగట్టలేనంత చిన్నవని తేలింది.

అదే 2000లో ఒ’హేర్, గిబ్బన్స్ పది మంది చివరి సంవత్సరం ఆస్టియోపతి విద్యార్థుల చేత పది మందిని పరీక్ష చేయించారు. కదలిక కూడా అడగలేదు. ఆ ఎముక మొనలు రెండూ సమానంగా ఉన్నాయా, ఒకటి పైకి ఉందా అన్నంతే. ఒకే విద్యార్థి తన మొదటి తీర్పుతో రెండో తీర్పును కలుపుకున్న కప్పా 0.33. ఇద్దరు వేర్వేరు విద్యార్థుల మధ్య కప్పా 0.04. విద్యార్థులు కాబట్టి అలా వచ్చిందని సర్దిచెప్పుకోవచ్చు. కానీ 1985లోనే పాటర్, రోత్‌స్టీన్ 8 మంది ఫిజియోలతో, 17 మంది రోగుల మీద ఈ కీలుకు సంబంధించిన 13 పరీక్షలు చేయించారు. 11 పరీక్షల్లో పొంతన 70 శాతానికి చేరలేదు. నిలబడిన రెండూ ‘ఇలా నొక్కితే నొప్పి వచ్చిందా’ అని రోగిని అడిగేవే.

టల్‌బర్గ్ బృందం 1998లో ఇంకో అడుగు ముందుకు వేసింది. పది మంది రోగులకు చేత్తో కీలును ‘సరిచేసి’, ముందూ వెనుకా లోహపు పూసల ఎక్స్‌రేలు తీసింది. చికిత్స తర్వాత చేతి పరీక్షలు ‘సరైపోయింది’ అన్నాయి. ఎక్స్‌రేల్లో కీలు ఉన్న చోటే ఉంది. రోగికి ఊరట కలగలేదని ఇది చెప్పడం లేదు. కలిగిన ఊరటకు కారణం ఎముక జరగడం కాదని చెబుతోంది. పుత్తూరు కట్టు దగ్గర ఈ తంటా లేదు, ఎముక విరిగిందా లేదా అన్నది ఎక్స్‌రే తేల్చేస్తుంది. ‘పూస జరిగింది’, ‘కీలు పట్టేసింది’ అన్న మాటలకు మామూలు క్లినిక్కులో అలా తేల్చే సాధనం లేదు. ఎన్నేళ్లైనా అవి చెలామణీ కావడానికి అదొక కారణం.

అనుభవం వస్తే సర్దుకుంటుందా? 2004లో సెఫింగర్ బృందం 797 వ్యాసాలను జల్లెడపట్టి, 49 వ్యాసాల్లోని 53 అధ్యయనాలను పక్కపక్కన పెట్టి చూసింది. అన్నిటికంటే నిలకడగా ఉన్నవి నొప్పి పుట్టించి చూసే పరీక్షలు. ఒక్కో పూస కదలికను చూసేవాటికంటే మొత్తం మెడ లేదా నడుం ఎంత వంగుతుందో చూసేవి నయం. తనతో తాను ఏకీభవించినంతగా ఎవరూ మరొకరితో ఏకీభవించలేదు. ఫిజియోనా, కైరోప్రాక్టరా, ఆస్టియోపతా అన్నది గానీ, అనుభవం గానీ, అధ్యయనానికి ముందు కూర్చోబెట్టి ఇచ్చిన శిక్షణ గానీ పొంతనను పెంచలేదు.

అయినా ‘మా గురువుగారి చెయ్యి వేరు’ అనేవాళ్లుంటారు. అలాంటి చెయ్యి ఒకటి నిజంగా నమోదైంది. 1988లో ఆస్ట్రేలియాలో గ్వెండలిన్ జుల్ అనే ఫిజియోథెరపిస్టు మెడనొప్పి ఉన్న 20 మందిని తడిమి చూశారు. నరాలకు మత్తు సూది ఇచ్చి అసలు నొప్పి ఎక్కడిదో తేల్చే పద్ధతితో ఆమె తీర్పులను పోల్చారు. నొప్పి వెన్నుకీలుదేనని తేలిన 15 మందినీ, ఏ మెట్టులో ఉందో సహా ఆమె పట్టేశారు. కీలుది కాని 5 మందినీ కాదని చెప్పారు. నూటికి నూరు! దశాబ్దాల పాటు ఈ వ్యాసం మాన్యువల్ థెరపీ పాఠాల్లో తురుపు ముక్క.

ఈ నూటికి నూరును కాస్త కదిపి చూద్దాం. 15కి 15 రావడం గొప్పే. అయితే ఇంత చిన్న గుంపులో 95 శాతం నమ్మకంతో చెప్పగలిగే కనిష్ఠం 78 శాతం. 5కి 5 విషయంలో ఆ కనిష్ఠం 48 శాతం, అంటే బొమ్మాబొరుసుతో సమానమైనా కావచ్చు. పైగా అది ఒక్కరి చెయ్యి. 2007లో కింగ్ బృందం 173 మంది మీద ఇదే ప్రశ్నను మళ్లీ వేసింది. కీలు నొప్పి ఉన్నవాళ్లను చేతి పరీక్ష బాగానే పట్టుకుంది గానీ, లేనివాళ్లలోనూ చాలామందికి ‘ఉంది’ అనేసింది. పరీక్ష ఫలితం వల్ల అసలు అనుమానం ఎంత బలపడుతుందో చెప్పే నిష్పత్తి 1ని కొద్దిగానే దాటింది. 1 అంటే పరీక్ష చేసినా చేయకపోయినా ఒకటే. నాకు ఇందులో నచ్చిన సంగతి ఒకటుంది. 1988 వ్యాసం రాసినవారిలో నికొలాయ్ బొగ్డుక్ ఒకరు. 2007లో దాన్ని తోసిపుచ్చిన వ్యాసం మీదా ఆయన పేరు ఉంది.

పొంతన కుదిరితే పని అయిపోయినట్టు కూడా కాదు. ఇద్దరూ కలిసి ఒకే తప్పు చెప్పవచ్చు. నొప్పి పుట్టించే పరీక్షలు ఈ రెండో గడప ఎంతవరకు దాటాయో ఎస్ఐ జాయింటు దగ్గరే చూడొచ్చు. న్యూజిలాండ్‌కు చెందిన మార్క్ లాస్లెట్ 2005లో 48 మందికి ఆరు రకాల ఒత్తిడి పరీక్షలు చేసి, కీలులోకి ఇచ్చే మత్తు సూదితో పోల్చారు. ఆరింటిలో మూడైనా నొప్పి పుట్టిస్తే ‘ఉంది’ అనుకున్నప్పుడు, నిజంగా ఉన్నవాళ్లలో 94 శాతం మంది దొరికారు. లేనివాళ్లలో 78 శాతం మందిని సరిగ్గా వదిలేశాయి. బాగుంది. కానీ మీ క్లినిక్కుకు వచ్చే 100 మందిలో 20 మందికే ఆ కీలు నొప్పి ఉందనుకుంటే, ఆ 20 మందిలో 19 మంది దొరుకుతారు. మిగతా 80 మందిలో 18 మందికి కూడా ‘ఉంది’ అని పడుతుంది. ‘ఉంది’ అని తేలిన 37 మందిలో నిజంగా ఉన్నది సగం మందికే. చేతి పరీక్షలన్నిటిలో మెరుగైనదాని సంగతి ఇది.

వేలు తప్పు చెబితే చికిత్స తప్పుతుందిగా అన్న ప్రశ్న మిగిలింది. దీన్నీ నేరుగా పరీక్షించారు. 2003లో హాస్ బృందం మెడనొప్పి ఉన్న 104 మందికి మెడ కదలికలను తడిమి చూసింది. సగం మందికి ఆ పరీక్షలో తేలిన చోటే చికిత్స చేశారు. మిగతా సగానికి ఎక్కడ చేయాలో కంప్యూటరు యాదృచ్ఛికంగా ఎంచింది. నొప్పి, బిగువు తగ్గడంలో రెండు గుంపులకూ తేడా రాలేదు. అదే ఏడాది ఆస్ట్రేలియాలో చిరదేజ్‌నంత్, మాహెర్, లాటిమర్ తదితరులు నడుం నొప్పి ఉన్న 140 మందిలో చికిత్స పద్ధతిని సగం మందికి థెరపిస్టు చేత, సగం మందికి చీటీ చేత ఎంపిక చేయించారు. అక్కడా తేడా లేదు. ఫిజియో చెయ్యి వేస్తే హాయిగా ఉండటం నిజం, ఆ హాయి సరైన పూసను కనిపెట్టడం వల్లో, సరైన పద్ధతిని ఎంచడం వల్లో వచ్చిందనడానికి మాత్రం ఈ రెండు అధ్యయనాల్లో ఆధారం దొరకలేదు.

కాబట్టి మీ చేతికిచ్చే కాగితం మీద ‘ఎల్4 కుడికి తిరిగింది, ఎడమ ఎస్ఐ పట్టేసింది, 20 సిట్టింగులు’ అని ఉంటే, ఆ మొదటి రెండు ముక్కలూ రేపు ఇంకో ఫిజియో దగ్గర మారిపోవచ్చు. అదే కాగితం మీద ‘ఇక్కడ నొక్కితే నొప్పి పదికి ఆరు, ముందుకు వంగితే వేళ్లు నేలకు 22 సెంటీమీటర్ల దూరంలో ఆగుతున్నాయి, కుర్చీలో 15 నిమిషాలకు మించి కూర్చోలేకపోతున్నారు’ అని రాసి ఉంటే, మూడు వారాల తర్వాత ఎవరైనా మళ్లీ కొలవవచ్చు. వంగడానికి టేపు చాలు, కూర్చోవడానికి గడియారం చాలు, నొప్పికి మిమ్మల్ని అడిగితే చాలు.